అక్క దవడలో కిటికీ

మా అక్క గరిటెను నోటి దగ్గరికి తీసుకుపోగా నేనెప్పుడూ చూడలేదు. కూర ఉడుకుతుంటే రెండు చుక్కలు ఎడమ అరచేతిలో పోసుకుని, ఉఫ్‌మని ఊది, నాలుకకు అద్దుకుంటుంది. వెంటనే నల్లా దగ్గరికి పోయి చెయ్యి కడుక్కుంటుంది. ఇంకాస్త ఉప్పు వేసి చూడాలంటే మళ్లీ ఇదే తతంగం. ఖాజాగూడలో ఒక గల్లీలో ఆమెకు కర్రీ పాయింట్ ఉంది. చుట్టూ హాస్టళ్లు. సాయంత్రం ఆఫీసుల నుంచి వచ్చే పిల్లలు రూములో అన్నం మాత్రం వండుకుని, కూర, పప్పు, పచ్చిపులుసు అక్క దగ్గర కవర్లలో కట్టించుకుపోతారు. ఇంతమంది తినే తిండికి ఎంగిలి తగలకూడదని ఆమె పట్టుదల.

దాని పై అంతస్తులో భార్యాపిల్లలతో నేనుంటాను. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక కంపెనీలో, ఉద్యోగులకు క్యాబులు పంపే డెస్కులో పని. క్యాబు రానివాళ్ల చేత తిట్లు తినడమే నా ఉద్యోగం. పగలంతా 'సారీ మేడం, సారీ సర్' అని ఇంటికొచ్చాక నాకు ఎవరి మీదైనా ఇట్టే కోపం వస్తుంది. అది నా వాళ్లకు అలవాటే. బావ స్కూలు బస్సు నడుపుతాడు. పొద్దున్నే ఉల్లిగడ్డలు కోసిపెట్టి డ్యూటీకి పోతాడు. మంచి మనిషి గాని, రక్తం చూస్తే కళ్లు తేలేస్తాడు. అందుకే అక్క జబ్బు విషయంలో దవాఖానాల చుట్టూ తిరిగే పని నా నెత్తిన పడింది.

జబ్బును ముందు కనిపెట్టింది ఒక హాస్టల్ అమ్మాయి. పప్పు కట్టించుకుంటూ అక్క మొహం వైపు చూసి, "ఆంటీ, మీ కుడి బుగ్గ వాచినట్టుందండి" అంది.

"లావైతున్న బిడ్డా. మిగిలిన కూరలన్నీ నేనే తింటి గదా" అంది అక్క.

తర్వాత ఒక ఆదివారం మటన్ వండుకున్నాం. మూలుగ బొక్క కొరకడంలో మా ఇంట్లో అక్కను కొట్టేవాళ్లు లేరు. ఆ రోజు బొక్క కొరుకుతూ కొరుకుతూ ఆగిపోయి, బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. కింది దవడలో వెనక పన్ను కదిలింది. మర్నాడు మా వీధి చివర పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. పన్ను పీకడానికి ఆయన సూది కూడా సిద్ధం చేసుకున్నాడు. ఎందుకైనా మంచిదని ముందో ఎక్స్‌రే తీశాడు. మొహం చుట్టూ మిషను తిరిగి తీసే ఎక్స్‌రే అది. తెర మీద బొమ్మ చూసి సూది పక్కన పెట్టేశాడు. కుడి దవడ ఎముకలో, వెనక పళ్ల కింద, కోడిగుడ్డంత నల్లటి ఖాళీ ఉంది.

చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ కాదని వచ్చింది. అక్క అక్కడే నిలబడి దండం పెట్టుకుంది. బావ మిఠాయి డబ్బా తెచ్చాడు. మిఠాయి పంచినంత సంతోషం డాక్టరు మొహంలో నాకు కనిపించలేదు. అది ఒళ్లంతా పాకే గడ్డ కాదట, ప్రాణం తీసేదీ కాదట. కానీ ఎముకను లోపలినుంచి తింటూ పోతుందట. దానికో పొడుగాటి ఇంగ్లిషు పేరుంది. అక్క ఆ పేరు ఒక్కసారి కూడా పలకలేదు. "నా గడ్డ" అనేది, సొంత సామాను గురించి చెప్పినట్టు.

పళ్ల డాక్టరు చెప్పిన పెద్ద దవాఖానకు పోయాం. అక్కడి సర్జన్ తిప్పి తిప్పి చెప్పే మనిషి కాదు. చెవి కిందినుంచి గడ్డం దాకా కుడివైపు దవడ ఎముక తీసేయాలన్నాడు. కాలి ఎముక కొంత కోసి తెచ్చి ఆ జాగాలో పెడతామన్నాడు. అలా చేస్తే మళ్లీ వచ్చే భయం దాదాపు ఉండదన్నాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదని ఇప్పటికీ అనుకుంటాను. చుట్టాలకు ఫోన్లు పోయాయి. అందరిదీ ఒకే మాట. కోయించి పారేస్తే పీడ పోతది కదా అన్నారు. దవడ వాళ్లది కాదు, ఎంతైనా అంటారు.

తిరిగొస్తుంటే ఆటో ఒక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "సగం మూతితోని కౌంటర్ల ఎట్ల నిలబడాల్రా?" అంది. "పిల్లలు కూరలు చూస్తరా, నన్ను చూస్తరా?"

"మళ్ల పెడ్తరట గదక్కా, కాలి బొక్క."

"కాలి బొక్కతోని ఏం నములుత?" అంది.

నాకు నవ్వు రాబోయి ఆగింది. ఆమె రెండు చేతులతో దవడను పట్టుకుని కూర్చుంది. మా అమ్మ పోయినప్పుడు కూడా అక్కను నేనలా చూడలేదు. నాకు భయం వేసింది.

ఇంకొకరి మాట కూడా విందామని లింగంపల్లి వైపున్న ఒక పళ్ల ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్కడ దవడ ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ ఉంది. కోస్తా వైపు మనిషి. ఎక్స్‌రేను, స్కానింగును వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసింది. నాతో కాదు, అక్కతో మాట్లాడింది.

"ఇది ఒకటే తిత్తిలాగా ఉందండి. లోపల నీరు నిండి, ఆ ఒత్తిడికి ఎముక కరుగుతోంది. దవడ తీసేయకుండా ప్రయత్నించవచ్చు. కానీ ఆలస్యం అవుతుంది, మీరు చేసుకోవాల్సిన పనీ ఎక్కువే."

"చేసుకుంట. ఏం చెయ్యాల్నో చెప్పు బిడ్డా" అంది అక్క.

చిగుళ్ల పక్కనుంచి ఆ తిత్తిలోకి చిన్న కిటికీ తెరుస్తానంది. లోపలి నీరు బయటికి వచ్చేస్తే ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే చుట్టూ ఉన్న ఎముక మెల్లగా లోపలికి పెరుగుతుంది. దానికి నెలలు పడతాయి. గడ్డ బాగా చిన్నదయ్యాక ఆపరేషన్ చేసి, మిగిలిన తిత్తిని ఒలిచి, చుట్టూ ఎముకను గీకేస్తారు. దవడ దవడలాగే ఉంటుంది. ఆ తర్వాత కూడా మళ్లీ రావచ్చు, ఏళ్ల తరబడి ఎక్స్‌రేలు తీయించుకుంటూ ఉండాలి. గడ్డ తగ్గకపోతే మాత్రం మొదటి డాక్టరు చెప్పినట్టు దవడ తీయక తప్పదు.

"ఒక్కటే షరతండి. ఆ కిటికీ మూసుకుపోకూడదు" అంది.

"పుండు మానొద్దా?" అంది అక్క.

"ఇప్పుడే మానకూడదండి."

అక్క నా వైపు చూసింది. ఈ డాక్టరుకు బుర్ర సరిగా ఉందా అని ఆ చూపు. మా ఇళ్లలో ఎవరికి ఏం దెబ్బ తగిలినా పసుపు పెట్టి, ఎప్పుడు మానుతుందా అని రోజూ విప్పి చూసుకుంటాం. మానకుండా కాపాడుకోవడమేమిటి, వింతగా? నాకూ వింతగానే అనిపించింది. కానీ దవడ ఉంచుతానన్న మనిషి ఈ ఊళ్లో ఆమె ఒక్కతే.

కిటికీ తెరిచారు. నోట్లో అచ్చు తీసుకుని, ఆ రంధ్రానికి సరిపడే గులాబి రంగు బిరడా చేసిచ్చారు. గట్టి ప్లాస్టిక్కుది, మధ్యలో సన్నటి గొట్టం. అది ఎప్పుడూ అక్కడే ఉండాలి. తిన్నాక తీసి కడిగి, సూది లేని సిరంజితో ఉప్పునీళ్లు లోపలికి కొట్టి, వెంటనే మళ్లీ పెట్టేసుకోవాలి. కర్రీ పాయింట్ వెనక గోడకు మేకు కొట్టి, సిరంజిని కవర్లో వేసి వేలాడదీసింది అక్క. ఒక హాస్టల్ పిల్ల అది కేకు మీద క్రీము పూసే గొట్టమనుకుని, "కేకులు కూడా చేస్తున్నారా ఆంటీ?" అని అడిగింది. "ఔ బిడ్డా, ఒకటే కేకు, నా నోట్ల" అని అక్క నోరు తెరిచి చూపించబోతే ఆ పిల్ల ఒకటే పరుగు.

ఏమాటకామాటే చెప్పాలి, కొన్ని నెలలు ఆమె ఎంత శ్రద్ధగా చేసిందంటే నాకే ఆశ్చర్యం వేసింది. కౌంటర్లో ఎంత రద్దీ ఉన్నా తిన్న తర్వాత లేచి వెళ్లి సిరంజి కొట్టుకునేది. తర్వాత తీసిన ఎక్స్‌రేలో నల్ల ఖాళీ చుట్టూ సన్నగా తెల్ల అంచు కనిపించింది. కొత్త ఎముక. డాక్టరమ్మ అంచు వెంట వేలితో గీసి చూపించింది. "బాగుందండి. ఇలాగే చేయండి" అంది.

బయటికొచ్చాక అక్క నన్ను అడిగింది. "గిట్లనే పోతె దవడ మిగుల్తది గదా?"

"మిగుల్తది."

"సక్కగ చెప్పు. మిగుల్తదా?"

"మిగుల్తదంటున్న గదా! ఇగ ఫికర్ చెయ్యకు" అన్నాను.

రోడ్డు పక్కన ఒక చిన్న శివాలయం ఉంటే ఆటో ఆపించి దిగిపోయింది. నేను ఆటోలోనే కూర్చున్నాను. ఆఫీసు నుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి. ఆమె లోపల ఏం మొక్కిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

దీపావళి వెళ్లిన మర్నాడు కార్తీకం మొదలైంది. కార్తీకంలో చికెన్ కూర పోదు. పప్పు, వంకాయ, బెండకాయ ఎక్కువ వండాలి. అక్క కూరలు ఫోన్ యాప్‌లో కూడా పోతాయి. ఆ యాప్ చూసేది నేనే. ఆ నెలలో ఒక్కసారిగా తిట్లు మొదలయ్యాయి. పప్పులో ఉప్పే లేదని ఒకరు, వంకాయ కూర ఉప్పుకషాయంలా ఉందని ఇంకొకరు. ఇన్నేళ్లలో అక్క వంటకు ఉప్పు విషయంలో మాట పడింది లేదు. ఆఫీసులో ఎలాగూ తిట్లు తింటున్నాను, ఇంట్లో కూడానా అని నాకు చిర్రెత్తుకొచ్చింది. ఒక సాయంత్రం కొట్టు తెరిచే వేళకు మెట్లు దిగి కిందికి పోయాను. అక్క పెద్ద గిన్నెలో సాంబారు కలుపుతోంది.

"ఏందక్కా గిది? రోజుకో తీరుగ ఉన్నది. ఉప్పు చూస్తలేవా?"

"ఒక్కపొద్దుల ఉప్పెట్ల చూస్తర్రా?" అంది, తల ఎత్తకుండా.

ఒక్కపొద్దంటే ఉపవాసం. పగలంతా వట్టి నీళ్లు తప్ప ఏమీ ముట్టరు. ఉప్పు నాలుకకు తగిలిందంటే ఆ రోజు ఉపవాసం చెడినట్టే.

"ఇయ్యాల సోమారం గాదు గదా."

"నెలంత పట్టిన. రోజూ సుక్క పొడిచినంక తింటున్న."

నెలంతా పట్టింది సరే, నాకేం అభ్యంతరం? రుచి చూడకుండా వండుతోంది, అందుకే ఉప్పు కుదరడం లేదు. అంతే కదా అనుకుని తిరిగి మెట్ల వైపు రెండడుగులు వేశాను. అప్పుడు తట్టింది. ఉప్పు నాలుకకు తగలకూడదంటే మరి సిరంజి సంగతేమిటి? గోడ వైపు చూశాను. కవరు మీద సన్నగా దుమ్ము పట్టింది.

"ఉప్పునీళ్లు కొట్టుకుంటున్నవా?"

అక్క గిన్నె మీద మూత పెట్టింది. "తిననోళ్లకు కడుగుడేందిరా? మెతుకు పోతె గదా కడిగేది. రాత్రి తిన్నంక ఇంట్ల కడుగుతనే ఉన్న, వేరే సిరంజితోని."

"మరి బిరడా? నోట్ల ఉన్నదా?"

అక్క అంట్లు తోమే గట్టు వైపు చూసింది. దాని చివర చిన్న స్టీలు డబ్బా ఉంది. దాని మూత తీసి చూశాను. గులాబి రంగు బిరడా అందులో ఎండిపోయి పడుంది.

"పొద్దున తానం చేసినంక తీస్తున్న" అంది అక్క. "రాత్రంత నోట్ల నానిన ఎంగిలి సామాను పెట్టుకొని దీపమెట్ల ముట్టిస్త? పొద్దంత దేవుని పేరు మీద ఉంటి. సుక్క పొడిచినంక మళ్ల పెట్టుకుంటుంటి." మొహం విప్పారి, గొంతు తగ్గించి చెప్పింది. "ఇప్పుడు మస్తు బిర్రుగ అయింది తమ్మీ. నాలుగు రోజులాయె, లోపలికి పోతనే లేదు. దేవుడు ఇన్నడురా. మానుతున్నది."

ముక్కు కుట్టించుకుని పుడక తీసి పెట్టేస్తే రంధ్రం ఏమవుతుందో ఆడవాళ్లకు నేను చెప్పాలా? నోరు తెరవమని ఫోన్ లైటు వేసి చూశాను. చిటికెన వేలు దూరేంత ఉండాల్సిన కిటికీ పెసరగింజంత అయింది. కుడి చెంప ఎర్రగా ఉబ్బి ఉంది.

"నొప్పి లేదా?"

"ఉన్నది. ఒక్కపొద్దుల గంత కష్టముంటది."

"అసలెందుకు పట్టినవ్ గీ ఒక్కపొద్దు?"

"ఎందుకేందిరా?" అంది, ఇది కూడా అడగాలా అన్నట్టు. "దవడ మిగలాల్నని."

ఇక నేను ఆగలేదు. నీ మొక్కే నీ దవడను మింగుతున్నదని గల్లీ అంతా వినిపించేటట్టు అరిచాను. కూరల కోసం వచ్చిన పిల్లలు ఇద్దరు వెనక్కి పోయారు. డ్యూటీ దిగి వచ్చిన బావ గుమ్మంలో నిలబడి, "దేవుని మాట, జర మెల్లగ" అన్నాడు. అక్క ఏడవలేదు, తిట్టలేదు. స్టీలు డబ్బా తీసుకుని, బిరడా చేతిలోకి తీసుకుని, దాన్నే చూస్తూ కూర్చుంది. ఆమెకు అర్థమైందని నాకు తెలిసింది. అర్థమయ్యాక మొహం అంతలా పాలిపోతుందని తెలిస్తే ఇంకొంచెం నిదానంగా చెప్పేవాణ్నేమో.

మర్నాడు డాక్టరమ్మ సంగతంతా విన్నది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. "మా అత్తగారూ ఇంతేనండి, పూజ అయ్యేదాకా కట్టుడు పళ్లు పెట్టుకోరు" అంది. తర్వాత తనలో తను అనుకున్నట్టు, "తిన్నాక తీసి కడగండి అని చెప్పాను గాని, దేవుడి దగ్గర తీయకండి అని చెప్పలేదు నేను" అంది. ఎక్స్‌రే, స్కానింగు మళ్లీ తీయించింది. లోపల చీము పట్టింది. పెరిగిన కొత్త ఎముక లోపలి వైపు అలాగే ఉంది. బుగ్గ వైపు గోడ మాత్రం ఒకచోట కాగితంలా పలచబడింది. ఇంకా పలచబడితే దవడను కాపాడటం తన చేతుల్లో ఉండదని అక్కతోనే చెప్పింది.

సూదిమందు ఇచ్చి, కిటికీ మళ్లీ తెరిచి, చీము కడిగింది. కొత్త బిరడా పెట్టాలి. అక్కడొచ్చింది చిక్కు. ఉపవాసం ఇంకా సగం నెల మిగిలే ఉంది. పట్టిన మొక్కు మధ్యలో వదిలితే ఇంకేం చెడు జరుగుతుందో అని అక్క భయం. పెట్టుకుంటానని నోటితో అంటోంది గాని, ఆమె కళ్లు చూస్తే నాకు నమ్మకం లేదు. మళ్లీ అరుద్దామని నోరు తెరిచాను. డాక్టరమ్మ నన్ను చెయ్యెత్తి ఆపింది.

"మీకు తీసే పని లేకుండా, పక్క పంటికి తీగతో కట్టేస్తానండి. అప్పుడూ ఎంగిలేనా?"

అక్క ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, కూరగాయల బేరం దగ్గర ఆలోచించినట్టు. "సిమెంటు నింపిన పన్ను ఎంగిలి గాదు గదా" అంది చివరికి. "బంగారు పన్ను కట్టించుకున్నోళ్లు పూజలు చేస్తనే ఉన్నరు. ఒంటికి కట్టేసినంక అది ఒంట్లదే. కట్టు బిడ్డా."

"మరి ఉప్పునీళ్లు? గొట్టంలోంచి కొట్టాలి, పగలు కూడా."

దానికి మాత్రం అక్క తల అడ్డంగా ఊపింది. డాక్టరమ్మ బీరువాలోంచి సెలైన్ సీసా తీసి బల్ల మీద పెట్టింది. "పోనీ ఇది?"

"సెలైన్ ఎక్కించుకుంటె ఒక్కపొద్దు చెడది. మా అత్త ఎక్కించుకున్నది, ఏం గాలె" అంది అక్క, మొహం తేటపడి.

సెలైన్ అంటే ఉప్పునీళ్లేనని నాకు తెలుసు, డాక్టరుకు తెలుసు. అక్కకు కూడా తెలుసేమో అని నాకిప్పటికీ అనుమానమే. ముగ్గురం నోరు మూసుకున్నాం. మిగిలిన కార్తీకం అలా గడిచింది.

చలికాలం పోయి ఎండలు ముదిరేదాకా ఆ తీగ కట్టిన బిరడా ఆమె నోట్లోనే ఉంది. కిటికీ మళ్లీ మూసుకోలేదు. గడ్డ ఇంచుమించు ఉసిరికాయంత అయ్యాక ఇక గీకేద్దామని డాక్టరమ్మ చెప్పింది. నన్ను పక్కకు పిలిచి చెప్పడం ఆమెకు అలవాటు లేదు, అక్క ముందే చెప్పింది. చీము పట్టిన చోట బయటి గోడ ఇంకా పలచగానే ఉంది. తిత్తి దాన్ని తొలుచుకుని బయటి కండలోకి పోయిందా లేదా అన్నది స్కానింగులో తేలడం లేదు. తెరిచి చూస్తేనే తెలుస్తుంది. పోకపోతే గీకి వదిలేస్తారు. పోయుంటే ఆ మత్తులోనే దవడ తీసి, లోహపు పట్టీ వేసేస్తారు. మళ్లీ లేపి అడిగే వీలుండదు కాబట్టి రెండింటికీ ముందే సంతకం కావాలి.

అక్క పెన్ను తీసుకుని నిలబడిపోయింది. "లేస్తె గని తెల్వదన్నట్టు" అంది. తర్వాత సంతకం పెట్టింది. ముందురోజు రాత్రినుంచి ఏమీ తినొద్దు, తాగొద్దు అని నర్సు చెబితే, "మీకు గూడ ఒక్కపొద్దుంటదా?" అంది. ఆ నర్సు నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

పొద్దున్నే లోపలికి తీసుకుపోయారు. బావ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు, ఎవరైనా రక్తంతో బయటికొస్తే చూడకూడదని. నేను అటూ ఇటూ తిరిగాను. ఆఫీసు ఫోను మోగితే కట్ చేశాను, మళ్లీ మోగితే ఆపేసి జేబులో పెట్టుకున్నాను. ఎంతసేపని చెప్పను? చివరికి డాక్టరమ్మ వచ్చింది. టోపీ కింద నుదురంతా చెమట.

"దవడ ఉందండి" అంది. "గోడ పలచగా ఉంది గాని, తిత్తి దాన్ని దాటలేదు. మొత్తం ఒలిచి, చుట్టూ ఎముక గీకేశాం. నరం మీద పని చేయాల్సి వచ్చింది కాబట్టి కుడివైపు పెదవి, గడ్డం, చెంప కింది భాగం మొద్దుబారి ఉంటాయి. కొన్ని నెలలు స్పర్శ తెలియదు."

బావ గోడ వైపే తిరిగి ఏడ్చాడు. నేను డాక్టరుకు ఏం చెప్పానో గుర్తులేదు. బహుశా సారీ మేడం అనే అని ఉంటాను, అలవాటు కొద్దీ.

అక్కను వార్డుకు తెచ్చాక చూడనిచ్చారు. గడ్డం కిందినుంచి నెత్తి మీదికి కట్టు కట్టారు. కుడి చెంప బూరెలా వాచింది. కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది. నేను మంచం పక్కన వంగి, "దవడ తియ్యలేదక్కా. ఉన్నది" అన్నాను.

ఆమె నమ్మలేదు. నమ్మకపోవడం ఆమె తప్పు కాదు. మా ఇంట్లో జబ్బు మనిషికి నిజం చెప్పే అలవాటు లేదు. మా నాన్న పోయేరోజు దాకా గ్యాస్ట్రిక్ అనే చెప్పాం. రోజూ మంచం పక్కన కూర్చుని, తగ్గుతుంది నాయినా అని చెప్పింది అక్కే. ఇప్పుడు అలాంటి మంచం మీదే తనుంది, అదే మాట నేను చెబుతున్నాను. నర్సు చెప్పింది, బావ చెప్పాడు. అక్క ఎవరి మాటకూ తల ఊపలేదు. సెలైన్ గుచ్చిన చెయ్యి మెల్లగా ఎత్తి, వేళ్లు కుడి చెంప మీద, కట్టు పక్కన పెట్టుకుంది. నొక్కింది. వేళ్లకు వాపు, కట్టు తప్ప ఏమీ దొరకడం లేదు. చెంపకు వేళ్లు తగులుతున్నట్టే తెలియడం లేదు.

"ఏం తెలుస్తలేదు తమ్మీ" అంది. మాట ముద్దగా వచ్చింది. "ఆడ ఏం లేదు. నాకు తెలుస్తనే ఉన్నది, ఏం లేదాడ."

"మొద్దుబారిందక్కా. నరం వల్ల."

"అబద్ధం చెప్పకు."

నా చెయ్యి పట్టుకుని లాగింది. ఊహ తెలిశాక నేను అక్క మొహం ముట్టుకున్నది లేదు. ఏం చెయ్యాలో తోచక ముందు ఎడమవైపు పెట్టాను, మామూలు దవడ ఎలా ఉంటుందో వేళ్లకు తెలియాలని. తర్వాత కుడివైపు. చెవి కింద మొదలుపెట్టి, వాపును మెల్లగా లోపలికి అదిమి, కట్టు కిందికి వేళ్లు పోనిచ్చాను. వాపు అడుగున గట్టిగా తగిలింది. ఎముక అంచు. దాన్ని వదలకుండా ముందుకు వచ్చాను. ఎక్కడా తెగలేదు. గడ్డం దాకా ఉంది.

"ఉన్నదక్కా."

"మొత్తమా?"

"మొత్తం. చెవి కాడికెళ్లి గడ్డం దాకా."

"నీ పిల్లల మీద ఒట్టెయ్."

ఒట్లంటే నాకు పడదు, ఆమెకు తెలుసు. "నా పిల్లల మీద ఒట్టు" అన్నాను. ఆమె నా కళ్లలోకి చూసింది, చాలాసేపు. తర్వాత ఏడ్చింది. అన్ని నెలల్లో నేను చూసిన మొదటి ఏడుపు అదే. నాకూ ఆగలేదు. చెయ్యి తీసుకోబోతే, నా మణికట్టు మీద వేళ్లు బిగించింది.

"తియ్యకు" అంది. "జర సేపు గట్లనే ఉంచు. నాకైతె తెలుస్తలేదు. నీకన్న తెలుస్తున్నది గదా."